565 ఓట్లతో ఓడిన గిరి గారు
బరంపురంలో పుట్టిన కార్మిక నేతకు పార్వతీపురం నేర్పిన పాఠం

బరంపురం తెలుగువాళ్ల ఇళ్లలో వి.వి.గిరి పేరెత్తితే ముందుగా వచ్చేది రాష్ట్రపతి పదవి సంగతే. మన ఊళ్లో పుట్టినవాడు దేశానికి ప్రథమ పౌరుడయ్యాడంటే ఎవరికి గర్వం ఉండదు? కానీ ఆ పదవికి పన్నెండేళ్ల ముందు, ఇక్కడికి పెద్ద దూరమేమీ లేని పార్వతీపురంలో ఆయన లోక్‌సభ ఎన్నికల్లో ఓడిపోయారు. తేడా 565 ఓట్లు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఎన్నడూ జనం ముందుకు వెళ్లి ఓటు అడగలేదు. ఆ ఓటమి మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. అక్కడా ఓడారు. పదవుల జాబితాలో కనబడని ఆ కథ గిరి గారి మొత్తం జీవితాన్ని అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

గంజాం బిడ్డ

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పటికి ఒడిశా రాష్ట్రం లేదు. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, కాంగ్రెస్ వాది. తల్లి సుభద్రమ్మ కూడా ఇంట్లో కూర్చున్న మనిషి కాదు. మద్యనిషేధం కోసం జరిగిన ఆందోళనలో ముందు నిలిచి జైలుకు వెళ్లారు. ఇంట్లో రాజకీయం ఇద్దరి వైపు నుంచీ వచ్చిందన్నమాట.

బరంపురం ఖల్లికోట కాలేజీలో మొదటి చదువు అయ్యాక 1913లో లా చదవడానికి ఐర్లాండ్ వెళ్లారు. డబ్లిన్‌లో చదువుతో పాటు స్వాతంత్ర్యపోరాటం కూడా కళ్లముందే నడుస్తోంది. 1916 ఈస్టర్ పండగ రోజుల్లో అక్కడ తిరుగుబాటు లేచింది. దాన్ని నడిపినవాళ్లలో కార్మిక నాయకుడు జేమ్స్ కనోలీ ఒకరు. బ్రిటిష్ సైన్యం ఆయన్ను కాల్చి చంపింది. ఆ ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో కుర్ర గిరికి దేశం విడిచి పొమ్మని నోటీసు ఇచ్చారు. బారిస్టరు పట్టా అయితే చేతికొచ్చింది గానీ, దానికన్నా గట్టిగా తలకెక్కింది ఇంకొకటి. దేశం కోసం పోరాటం, కూలి కోసం పోరాటం వేరువేరు కావన్న సంగతి.

తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. గాంధీగారి పిలుపు వినగానే 1920లో దాన్ని వదిలేశారు. 1922లో సారా దుకాణాల వేలానికి వ్యతిరేకంగా ఆందోళన చేసి అరెస్టయ్యారు.

ఖరగ్‌పూర్ పాఠం

మన వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లకు ఆ రోజుల్లో రైలు పని పెద్ద దిక్కు. హౌరా నుంచి బరంపురం మీదుగా వాల్తేరు దాకా పట్టాలు బెంగాల్ నాగపూర్ రైల్వే అనే కంపెనీవి. దాని పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో. ఈ రోజుకూ ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయంటే మూలం అక్కడే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం పల్లెల నుంచి వెళ్లిన ఫిట్టర్లు, ఖలాసీలు, గ్యాంగుమన్‌ల పిల్లల పిల్లలే వాళ్లంతా.

గిరి పట్టుకున్నది ఈ కార్మికులనే. 1920ల్లో ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే సంఘాన్ని, అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్‌ను నిలబెట్టినవాళ్లలో ముఖ్యులు. 1927లో ఖరగ్‌పూర్‌లో గొడవ ముదిరింది. వర్క్‌షాపులో మనుషులు ఎక్కువయ్యారని కంపెనీ కోత మొదలుపెట్టింది. ఏళ్లతరబడి సుత్తి పట్టిన చేతికి రేపటి నుంచి రావద్దని చెబితే, ఆ మనిషికి నష్టపరిహారం ఇవ్వాలని ఏ చట్టమూ అప్పుడు లేదు. పని ఆగింది, గేట్లు మూతపడ్డాయి, నెలలతరబడి బేరసారాలు నడిచాయి.

అక్కడ గిరి రెండు విషయాలు నేర్చుకున్నారు. ఒకటి, సంఘం బలంగా లేకపోతే యజమాని బల్ల దగ్గరకు రాడు. రెండు, సమ్మె ఎంత గట్టిగా చేసినా చివరికి బల్ల దగ్గర కూర్చోక తప్పదు. ఆయన తర్వాత చేసిన పనులన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరిగాయి. 1929లో ఏఐటీయూసీ చీలినప్పుడు ఆయన మితవాదుల వైపు నిలబడ్డారు. అతివాదులు ఆయన్ను మెత్తని మనిషన్నారు. కంపెనీలు మాత్రం ఎప్పుడూ అలా అనుకోలేదు. 1931లో లండన్ రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1934 నుంచి 1937 దాకా ఢిల్లీలో కేంద్ర శాసనసభలో కూర్చున్నారు.

బొబ్బిలిలో రాజు మీద గెలుపు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్సు ఏర్పడింది. బరంపురం అటు వెళ్లింది. గంజాం జిల్లాలో మిగిలిన తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. ఇళ్లు ఒక ప్రభుత్వంలో, చుట్టాలు ఇంకో ప్రభుత్వంలో అన్న పరిస్థితి మనకు అప్పటినుంచే మొదలైంది. గిరి పుట్టిన ఊరు ఒడిశాలో మిగిలింది, ఆయన రాజకీయం మద్రాసులో సాగింది.

1937 ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయన్ను బొబ్బిలిలో నిలబెట్టింది. ఎదురుగా ఉన్నది ఎవరో కాదు, సాక్షాత్తూ బొబ్బిలి రాజా. జస్టిస్ పార్టీ నాయకుడు, అప్పటి మద్రాసు ప్రధానమంత్రి. సొంత జమీ, సొంత కోట, సొంత మనుషులు. ఓటు కూడా ఇప్పటిలా అందరికీ లేదు. ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్లకే. అయినా గిరి గెలిచారు. కోట పక్కనే కోట యజమానిని ఓడించిన ఆ ఎన్నిక ఉత్తరాంధ్రలో చాలాకాలం కథలా చెప్పుకునేవారు.

రాజాజీ మంత్రివర్గంలో గిరికి కార్మిక, పరిశ్రమల శాఖలు వచ్చాయి. అప్పటిదాకా గేటు బయట నిలబడి మాట్లాడిన మనిషి ఇప్పుడు ప్రభుత్వం కుర్చీలోంచి యజమానులను, సంఘాలను పిలిచి కూర్చోబెట్టాడు. యుద్ధం రావడంతో 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. క్విట్ ఇండియా కాలంలో ఆయన వెల్లూరు, బీరారులోని అమరావతి జైళ్లలో గడిపి 1945లో బయటకొచ్చారు. తర్వాత మద్రాసులో మరోసారి మంత్రి, ఆపైన సిలోన్‌లో భారత హైకమిషనరు. 1948లో అక్కడ వచ్చిన పౌరసత్వ చట్టంతో టీ తోటల్లో పనిచేసే లక్షలమంది భారతీయ సంతతి కూలీలు ఏ దేశానికీ చెందనివాళ్లయ్యారు. సరిహద్దు గీత మనిషిని ఏం చేయగలదో గంజాం బిడ్డకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

పాతపట్నం నుంచి ఢిల్లీకి

1952 తొలి సాధారణ ఎన్నికల్లో గిరి పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం గురించి చెప్పేదేముంది? నౌపడ - గుణుపురం లైనులో పక్క స్టేషను. అక్కడ సంతకు ఇక్కడివాళ్లు, ఇక్కడ పెళ్లికి అక్కడివాళ్లు. ఒకప్పుడు ఒకే గంజాం జిల్లాలో ఉన్న నేల నుంచే ఆయన పార్లమెంటుకు వెళ్లారన్నమాట. నెహ్రూ ఆయన్ను కేంద్ర కార్మిక మంత్రిని చేశారు.

అప్పటికి పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చి ఐదేళ్లయింది. తగాదా వస్తే ప్రభుత్వం దాన్ని ట్రిబ్యునల్‌కు పంపుతుంది. ట్రిబ్యునల్ చెప్పిందే ఖాయం. గిరికి ఈ పద్ధతి నచ్చలేదు. ఆయన వాదన తేలికగా అర్థమయ్యేదే. ప్రతి తగాదాకూ వకీలు దగ్గరకు పరుగెత్తే సంఘం ఎప్పటికీ సొంతకాళ్ల మీద నిలబడదు. కేసు ఏళ్లతరబడి సాగుతుంది. తీర్పు వచ్చాక ఓడినవాడు పై కోర్టుకు పోతాడు, గెలిచినవాడూ తృప్తి పడడు. అదే ఇద్దరూ కూర్చుని రాసుకున్న ఒప్పందం అయితే ఇద్దరూ కాపాడుకుంటారు. దీన్నే గిరి పద్ధతి అన్నారు. 1952లో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక సదస్సు ముందు దీన్ని పెట్టారు.

కానీ అటునుంచి వచ్చిన వాదనలోనూ బలముంది. ఖరగ్‌పూర్ రైల్వే సంఘంలాంటివి ఎన్ని ఉన్నాయి? చిన్న మిల్లులో, బీడీ కార్ఖానాలో పదిమంది కూలీలు యజమానితో బల్ల దగ్గర కూర్చుంటే గెలిచేదెవరు? ట్రిబ్యునల్ కూడా లేకపోతే వాళ్లకు దిక్కేమిటి? సొంత ప్రభుత్వంలోనే ఆయనకు పూర్తి మద్దతు దొరకలేదు. గిరి పద్ధతి చట్టం కాలేదు.

అయితే 1953లో ఆయన మంత్రిగా ఉండగా వచ్చిన ఒక సవరణ మాత్రం నిలిచిపోయింది. జౌళి మిల్లుల్లో లేఆఫ్‌లు పెరుగుతున్న రోజులవి. ముందు అక్టోబరులో ఆర్డినెన్స్, తర్వాత చట్టం తెచ్చారు. పని లేదని కార్మికుణ్ని ఊరికే కూర్చోబెడితే సగం జీతం ఇవ్వాలి. ఉద్యోగంలోంచి తీసేస్తే నెల ముందు నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం ఇవ్వాలి. ఖరగ్‌పూర్ గేటు దగ్గర 1927లో కనబడని కాగితం ఇరవై ఆరేళ్లకు చేతికొచ్చింది.

గుమాస్తాల జీతం, మంత్రి కుర్చీ

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల తగాదా తలనొప్పిగా మారింది. ట్రిబ్యునల్ ఒక తీర్పిచ్చింది. దానిమీద అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉద్యోగులకు ఇంకొంచెం మేలు చేస్తూ మరో తీర్పిచ్చింది. ఆ భారం మోయలేమని బ్యాంకులు మొరపెట్టుకున్నాయి. ఆగస్టులో ప్రభుత్వం తీర్పును మార్చి, ఉద్యోగులకు వచ్చినదాంట్లో కోత పెట్టింది.

ఇక్కడ గిరి పరిస్థితి చూడండి. ట్రిబ్యునళ్లంటే ఆయనకు మొదటినుంచీ గిట్టదు. అయినా ఒకసారి కార్మికుణ్ని ట్రిబ్యునల్‌కు వెళ్లమన్నాక, వచ్చిన తీర్పును ప్రభుత్వమే కత్తిరిస్తే రేపటినుంచి ఎవరు నమ్ముతారన్నది ఆయన పట్టు. మంత్రివర్గం వినలేదు. ఆయన రాజీనామా చేసి బయటకొచ్చారు. స్వతంత్ర భారతంలో గుమాస్తాల జీతం కోసం కేంద్రమంత్రి పదవి వదులుకోవడం మాటలు కాదు. తర్వాత ప్రభుత్వం కమిషన్ వేయాల్సి వచ్చింది. ఆ కమిషన్ సిఫార్సులను 1955లో పార్లమెంటు చట్టం చేసింది.

పార్వతీపురం లెక్క

మూడేళ్లకు 1957 ఎన్నికలు. ఈసారి గిరి పార్వతీపురం లోక్‌సభ స్థానంలో నిలబడ్డారు. అది ద్విసభ్య నియోజకవర్గం. ఇప్పటివాళ్లకు ఈ పద్ధతి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

ఒకే నియోజకవర్గానికి ఇద్దరు ఎంపీలు. ఒకటి జనరల్ సీటు, ఒకటి ఎస్టీలకు రిజర్వు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. లెక్కింపులో ముందు ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకు రిజర్వుడు సీటు ఇస్తారు. తర్వాత మిగిలినవాళ్లందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లకు రెండో సీటు. ఆ మిగిలినవాళ్లలో ఎస్టీలూ ఉండొచ్చు.

నలుగురు బరిలో ఉన్నారు. బిడ్డిక సత్యనారాయణకు 1,26,792 ఓట్లు, డిప్పల సూరిదొరకు 1,24,604, గిరికి 1,24,039, కృష్ణమూర్తినాయుడికి 1,18,968. మొదటి ఇద్దరూ గిరిజన అభ్యర్థులు. సత్యనారాయణకు రిజర్వుడు సీటు, సూరిదొరకు రెండో సీటు వెళ్లాయి. బొబ్బిలి రాజాను ఓడించిన మనిషి, కేంద్రంలో మంత్రిగా చేసిన మనిషి, ఏజెన్సీ కొండల నుంచి వచ్చిన అభ్యర్థి చేతిలో 565 ఓట్లతో ఆగిపోయారు.

గిరి ఊరుకోలేదు. ఎన్నికల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేశారు. వాదనలు ముఖ్యంగా రెండు. రిజర్వుడు సీటుకు పోటీ చేసిన ఎస్టీ అభ్యర్థికి జనరల్ సీటు ఎలా ఇస్తారన్నది ఒకటి. సూరిదొర కుటుంబం ఎప్పుడో క్షత్రియులుగా మారిపోయింది, కాబట్టి ఆయన్ను గిరిజనుడిగా లెక్కించకూడదన్నది రెండోది. కేసు హైకోర్టుకు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1959 మేలో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో గిరి అప్పీలును కొట్టేసింది. రిజర్వేషన్ అంటే ఇంతకన్నా తగ్గకూడదని చెప్పే హద్దు. ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న గిరిజనుడు జనరల్ సీటు గెలవడానికి అది అడ్డం కాదు. కులం మార్పు వాదన కూడా నిలబడలేదు. చెప్పుకున్నంత మాత్రాన పుట్టిన తెగ పోదని కోర్టు చూసింది.

తగాదాలను కోర్టుల్లో కాదు, బల్ల దగ్గర తేల్చుకోవాలని జీవితమంతా చెప్పిన మనిషి, సొంత ఓటమి దగ్గరకు వచ్చేసరికి కోర్టు మెట్లెక్కారు. ఒక గిరిజన ప్రతినిధి గిరిజనుడే కాదని వాదించారు. ఆయన్ను అభిమానించేవాళ్లు ఈ అధ్యాయం దాటేసి వెళతారు. దాటేయాల్సిన పనిలేదు. చట్టంలో దారి ఉంది, ఆయన వాడుకున్నారు. కానీ ఆ ఎన్నిక గొప్పతనం ఓడినవారి పేరులో లేదు. జమీందారులూ, వకీళ్లూ ఏలిన ప్రాంతంలో కొండ మీది మనిషి కూడా అందరి ఓట్లతో గెలవగలడని 1957లోనే పార్వతీపురం చూపించింది.

ఈ కేసు వేడి ఢిల్లీకి తగలకపోలేదు. ద్విసభ్య నియోజకవర్గాల మీద వాదోపవాదాలు పెరిగాయి. 1961లో పార్లమెంటు వాటిని రద్దు చేస్తూ చట్టం చేసింది. ఇప్పుడు మనం చూస్తున్న ఒక నియోజకవర్గం - ఒక సభ్యుడు పద్ధతి దేశమంతటా అప్పటినుంచి వచ్చిందే.

బోను ఎక్కిన రాష్ట్రపతి

కేసు నడుస్తుండగానే, 1957 జూన్‌లో ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు. తర్వాత కేరళ, ఆపైన మైసూరు. 1967లో ఉపరాష్ట్రపతిగా రాజ్యసభ అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చనిపోవడంతో తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు.

ఆ కొద్ది వారాల్లోనే విధి ఒక విచిత్రం చేసింది. జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ ఆయన ముందుకొచ్చింది. పదిహేనేళ్ల కిందట బ్యాంకు ఉద్యోగుల కోసం పదవి వదిలిన చెయ్యే దానిమీద సంతకం పెట్టింది. మర్నాడు ఆయన రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకు దిగారు. కాంగ్రెస్ అధికార అభ్యర్థి అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ మొగ్గు గిరి వైపు. ఇద్దరు తెలుగువాళ్ల మధ్య జరిగిన ఆ పోటీలో మొదటి లెక్కలో ఎవరికీ కావలసినన్ని రాలేదు. రెండో ప్రాధాన్యత ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువైన ఓట్లు తేలాయి. రెండో ప్రాధాన్యత ఓట్లతో తేలిన రాష్ట్రపతి ఎన్నిక దేశంలో అదొక్కటే.

ఈ ఎన్నిక కూడా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1959లో అప్పీలుదారు, 1970లో ప్రతివాది. రాష్ట్రపతి భవన్‌కు కమిషనర్‌ను పిలిపించుకుని సాక్ష్యం చెప్పొచ్చు. కానీ ఆయన స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి అలా రావడం అంతకుముందు లేదు. పిటిషన్లు కొట్టేశారు.

రాష్ట్రపతిగా ఆయన మీద విమర్శలూ ఉన్నాయి. ప్రధాని పంపిన కాగితానికి అడ్డుచెప్పని మనిషన్నారు. అన్నిటికన్నా బాధ కలిగించేది 1974 మే. దేశమంతా రైల్వే కార్మికులు ఇరవై రోజులపాటు సమ్మె చేశారు. వేలమందిని జైళ్లలో పెట్టారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలను వెళ్లగొట్టారు. రైల్వేమెన్ ఫెడరేషన్‌ను నిలబెట్టిన మనిషి అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. రాజ్యాంగం ప్రకారం మంత్రివర్గం మాట దాటలేరన్నది నిజమే. 1954లో రాజీనామా చేసిన మంత్రి, 1974లో సంతకాల రాష్ట్రపతి ఒకే మనిషన్నదీ నిజమే.

ఆ ఆగస్టులో పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.

మిగిలింది ఏమిటి?

నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. పార్వతీపురం 2022లో మన్యం జిల్లా కేంద్రమైంది. ఆ ప్రాంతం 2009 ఎన్నికల నుంచి ఎస్టీలకు రిజర్వు చేసిన అరకు లోక్‌సభ స్థానంలో ఉంది. 1957లో వచ్చినట్టు ఇద్దరు గిరిజన ఎంపీలు ఒకే సీటు నుంచి ఢిల్లీ వెళ్లే దారి మాత్రం మూసుకుపోయింది.

గిరి గారి పదవులు పుస్తకాల్లో ఉంటాయి. మన ఇళ్లలోకి వచ్చింది వేరు. ఫ్యాక్టరీలోనో మిల్లులోనో ఉద్యోగం పోయినవాళ్ల సెటిల్‌మెంట్ కాగితం మీద ఏడాదికి 15 రోజుల జీతం అన్న లెక్క ఒకటి ఉంటుంది. 2020లో పార్లమెంటు తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అదే లెక్క కొనసాగింది. అది చిన్న మొత్తమే కావచ్చు, చాలకపోవచ్చు. కానీ ఖరగ్‌పూర్ గేటు దగ్గర మన తాతలు ఖాళీ చేతులతో వెనక్కి తిరిగిన రోజున అది కూడా లేదు.